గవర్రాజు ఎక్కిన పడవ

గోదావరి సముద్రంలో కలిసే చోట, మడ అడవికీ లంకకీ మధ్య ఒక పాయ ఉంది. అడవి వైపు గట్టు మీద ముళ్ళపందులూ, కుందేళ్ళూ, మెట్ట తాబేళ్ళూ కాపురం ఉండేవి. కొన్నేళ్ళుగా ఆ నేలలోకి ఉప్పునీరు ఎగదన్ని దుంపలూ గడ్డీ చేదెక్కిపోయాయి. కడుపు నిండాలంటే పాయ దాటి లంకకి పోవాల్సిందే. ఈదుదామంటే నీళ్ళలో మొసలి ఉంది. అందుకని ఆ మొసలి వీపు ఎక్కే దాటేవాళ్ళు.

ఆ ఒప్పందం కుదిర్చినవాడు గవర్రాజు అనే నక్క. ఎవరు ఎప్పుడు ఎక్కాలో అతనే చెప్పేవాడు. తిరిగొచ్చినవాళ్ళ మూటల్లోంచి తన వాటా తీసుకునేవాడు. అప్పుడప్పుడు ఎవరో ఒకరు తిరిగొచ్చేవారు కాదు.

"పాపం, జారిపోయాడు. గట్టిగా పట్టుకోమని మొత్తుకుంటూనే ఉన్నాను," అని గవర్రాజు కళ్ళొత్తుకునేవాడు.

కిందటి వర్షాల్లో అలా జారిపోయినవాడు నూకాలు అనే ముళ్ళపంది మొగుడు. నూకాలు ఏడ్చింది. ఏడుపయ్యాక, మొసలి వీపు మాత్రం ఎక్కనంది. చిన్న తెరచాప పడవ కట్టుకుని దానిమీదే దాటతానంది. అన్నాక ఊరుకోలేదు. గాలివానకి పడిపోయిన మడచెట్టు నుంచి పలకలు చీల్చి, పళ్ళతోనే చిత్రిక పట్టింది. తన ముళ్ళతో బెజ్జాలు పొడిచి, కొబ్బరితాడుతో పలకకీ పలకకీ కుట్టింది.

గవర్రాజు చూడటానికి వచ్చాడు. పడవ చుట్టూ తిరిగాడు. "బాగుందమ్మాయ్! మరి సందుల్లోంచి నీళ్ళు రావూ?"

"అదే తెలీటం లేదండీ గవర్రాజు గారూ."

"నేను జాలరిపేట వెనకాల పెరిగినవాణ్ణి. పడవలు కట్టేవాళ్ళ కాళ్ళ దగ్గర చేపతలలు తిని బతికాను. చెబుతా విను. గట్టు మీది జిగురుమన్ను తడిపి సందుల్లో మెత్తు. ఎండితే రాయే."

"మీ మేలు మరిచిపోనండీ."

"మేలుదేముంది! అయితే ఒక్కమాట, ఇది నలుగురికీ చెప్పకు. ఈ గట్టున ఇంత పిచ్చి ఇంకెవరికీ లేదు. వింటే నవ్విపోతారు."

నూకాలుకి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నిజమేనేమో అనుకుంది. అప్పట్నుంచి పొదల చాటునే పని చేసుకునేది.

ఒక పొద్దున పోటు ఎక్కుతుంటే, కింది వైపు నుంచి నీళ్ళమీద ఎర్రెర్రటి చుట్టలు తేలుకుంటూ వచ్చాయి. ఒకటి తీసి వాసన చూసింది. తుమ్మచెక్క పొట్టు. బెరడు రాలితే ఇంత సన్నగా చుట్టుకోదు, ఎవరో గీకిందే. తన పొట్టయితే తెల్లగా ఉంటుంది. నూకాలు పని అక్కడే వదిలేసి గట్టు వెంట నడిచింది.

మొగలిపొదల వెనకాల ఒక కుందేలు సగం కట్టిన పడవలో కూర్చుని పలక కొరుకుతోంది. పేరు మంగతాయారు. నూకాలును చూడగానే తుంగచాప లాగి పడవమీద కప్పబోయింది.

"కప్పకమ్మా," అంది నూకాలు. "నాదీ ఒకటుంది."

"ఏంటీ?"

"పడవ."

మంగతాయారు చెవులు నిటారుగా లేచాయి. "నీకూ పిచ్చేనా వదినా!" అని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత ఇద్దరికీ నోరాగలేదు. తుంగ అల్లి తెరచాప ఎలా చెయ్యాలో మంగతాయారుకి వచ్చు, కుట్టు నూకాలుకి వచ్చు. మాటల మధ్యలో మంగతాయారు అంది: "పచ్చి చెక్కే వాడమన్నారు గవర్రాజు గారు. వంపు బాగా తిరుగుతుందట. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఈ గట్టున పడవ పిచ్చి నాకొక్కదానికే ఉందట."

నూకాలు చటుక్కున లేచింది. "పద. ఇంకెవరైనా ఉన్నారేమో చూద్దాం," అంది.

ఈసారి పొట్టు కోసం కాదు, చప్పుడు కోసం చెవులు రిక్కించారు. తాటితోపు అవతల టక్కు, టక్కు. వెళ్ళి చూస్తే బుల్లబ్బాయి అనే ముసలి మెట్ట తాబేలు, డిప్పతో గుద్ది పలకలో మేకు దింపుతున్నాడు.

"తాబేలువి నీకు పడవెందుకు తాతా?" అంది మంగతాయారు.

"మెట్ట తాబేలునమ్మా. నీళ్ళలో పడితే బండరాయిలా మునుగుతాను. నేనడక్కుండానే గవర్రాజు వచ్చి తెరచాప కొయ్య వెనక చివర పాతమన్నాడు. ముసలితనంలో నాకొక్కడికే ఈ వెర్రి పట్టిందని కూడా అన్నాడు."

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"మనం ముగ్గురం ఉన్నాం. ప్రతివాళ్ళకీ ఒక్కళ్ళే అన్నాడు. అది అబద్ధం," అంది నూకాలు. "మరి మిగతావి నిజాలంటారా?"

"ఎలా తెలుస్తుంది? మనలో ఎవరూ ఇంతకుముందు కట్టినవాళ్ళం కాదే," అన్నాడు బుల్లబ్బాయి.

"మనకి తెలీదు. ఆయనకి తెలుసు. ఆయన నోటితోనే చెప్పిద్దాం."

ముగ్గురూ కలిసి నూకాలు పడవే పూర్తిచేశారు. సందుల్లో మన్ను మెత్తారు. ఒక పక్క పచ్చి తుమ్మపలక వేశారు. కొయ్యని వెనక చివర పాతి తుంగ తెరచాప చుట్టి పెట్టారు. అప్పుడు గట్టు మీదివాళ్ళందర్నీ పిలిచి, గవర్రాజుకి కబురంపారు.

గవర్రాజు వచ్చాడు. ముగ్గుర్నీ ఒకచోట చూసి ఒక్క క్షణం తోక దించాడు, వెంటనే సర్దుకున్నాడు.

"అన్నీ మీరు చెప్పినట్టే చేశామండీ," అంది నూకాలు చేతులు జోడించి. "ముందు మీరు కూర్చోవాలి. మీ కాలు పడ్డాకే మేం ఎక్కుతాం."

"ఇవాళ నడుం పట్టేసిందమ్మాయ్."

"గట్టుకి కట్టే ఉంది కదండీ. కూర్చుని దిగిపోండి."

అందరూ ఎక్కండి ఎక్కండి అని అరుస్తున్నారు. గవర్రాజు లెక్క వేసుకున్నాడు: మోకాటిలోతు నీళ్ళే. ఒక్క నిమిషం కూర్చుని దిగితే, వీళ్ళు ముగ్గురూ నడిపాయలోకి పోయి మునుగుతారు. ఇక ఈ గట్టున పడవ ఊసెత్తేవాడు ఉండడు. దర్జాగా ఎక్కి కూర్చున్నాడు.

మంగతాయారు తెరచాప ముడి కొరికేసింది. గట్టు మీంచి వీచే నేలగాలి దాన్ని బుస్సున పట్టుకుంది. తాడున్నంత మేరా పడవ లోపలికి పోయి ఆగింది. తాడు కొస మీద బుల్లబ్బాయి కదలకుండా కూర్చున్నాడు. కొయ్య వెనక ఉండేసరికి పడవ నిలవకుండా గిరగిరా తిరుగుతోంది. పచ్చి పలక కుట్టు దగ్గర అప్పటికే చీలింది. సందుల్లో మన్ను కరిగి గవర్రాజు కాళ్ళకింద బురదవుతోంది.

"లాగండి! లాగండర్రా!"

"లాగుతాం. నీళ్ళు ఎందుకొస్తున్నాయండీ?" అంది నూకాలు గట్టు మీంచి.

"మన్ను ఆగదే! కొబ్బరిపీచు కూరి, పైన గుగ్గిలం నూనెలో కాచి పుయ్యాలి!"

"మరి కొయ్య?"

"ముందువైపు! నడిమికి కాస్త ముందు!"

"చెక్క?"

"నీడలో ఆరింది వాడాలి! లాగవే తల్లీ!"

పాయ మధ్యలో మొసలి కళ్ళు రెండూ పైకి తేలి మెల్లగా పడవ వైపు కదిలాయి. నూకాలు నీళ్ళ అంచుదాకా నడిచింది. ఆమె ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి.

"మా ఆయన జారిపోయాడా గవర్రాజు గారూ?"

గవర్రాజు మొసలి వైపు చూశాడు, నూకాలు వైపు చూశాడు. నీళ్ళు కడుపుదాకా వచ్చాయి.

"లేదు," అన్నాడు. "ఎవరూ జారలేదు. అది ముంచేసేది. ఎవర్ని ముంచాలో నేనే చెప్పేవాణ్ణి. లాగు!"

నూకాలుకి తాడు వదిలెయ్యమని చెప్పాలనే అనిపించింది. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు. చివరికి, "లాగండి," అంది. అందరూ కలిసి లాగారు. గవర్రాజు తడిసిన గోనెలా గట్టున పడి, లేచి, ఎవరి మొహమూ చూడకుండా పొదల్లోకి పోయాడు. ఆ రోజు నుంచి ఎవరూ మొసలి వీపు ఎక్కలేదు. తన గుట్టు బయటపెట్టినవాడి కోసం మొసలి గట్టు పక్కనే కాపు కాసింది. దాంతో గవర్రాజు నీళ్ళకి రావటానికే జంకేవాడు.

ముగ్గురూ చెక్క నీడలో ఆరబెట్టారు, పీచు కూరారు, గుగ్గిలం పూశారు, కొయ్య ముందుకి మార్చారు. నీళ్ళు ఎక్కలేదు. పడవ లంక ఇసుకలో ఆనినప్పుడు నూకాలు ముందుగా దిగి, తవ్వి, తియ్యటి తేగ ఒకటి తీసి, విరిచి అందరికీ పెట్టింది. తర్వాత మిగతావాళ్ళూ కట్టుకోవటం మొదలుపెట్టారు. ఎవరికేం కావాలన్నా ఈ ముగ్గురి దగ్గరికే వచ్చేవారు.

ఒకనాడు కొత్త పడవ దగ్గర పదిమందీ పనిలో ఉండగా గవర్రాజు దూరంగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ఆ చుక్కాని విషయంలో నాదొక సలహా..."

"తప్పకుండా చెప్పు నాయనా," అన్నాడు బుల్లబ్బాయి. "ముందు ఎక్కి కూర్చో. కూర్చుని చెప్పు."

గవర్రాజు వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

ఒంటరిగా ఉన్నవాడికి చెప్పిన అబద్ధం, తోటివాడు దొరికేదాకానే నిలుస్తుంది.