చెప్పులు కనబడని ఇల్లు

సాయంత్రం నాలుగు గంటలు. సన్నగా జల్లు పడుతోంది. గుట్ట మీద కొత్త ఇంట్లోకి దిగి వారమైంది. గోడలు లేచాయి, నేల పడింది. లోపలి అలంకరణ ఏ తీరున ఉండాలో ఒక్కటే తేలలేదు.

తీరు దిద్దే మనిషి వచ్చాడు. బూట్లు విడవలేదు. వాటి మీద గుడ్డ సంచులు తొడుక్కుని, చప్పుడు లేకుండా నడిచాడు. ఆ ఇంటి తల్లికి అక్కడే అనుమానం పుట్టింది. జోడు విడవని మనిషి లోపలున్నాడో వెళ్లిపోయాడో ఎలా తెలుస్తుంది?

ఆమెకు చెప్పులే లెక్క. పాత ఇంటి గడప బయట ఐదు జతలుండేవి. మగడివి, అత్తగారివి, కొడుకువి, కూతురివి, తనవి. మూడేళ్ల కిందట ఒక వాన సాయంత్రం నాలుగే ఉన్నాయి. పిల్ల గదిలో ఉందిలే అన్నారందరూ. చెప్పులు లేవని చూసింది తల్లి ఒక్కతే. వెతగ్గా వెతగ్గా, పొంగిన కాలువ అవతల చెట్టు పట్టుకుని దొరికింది పిల్ల. బతికింది. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తల్లి మాత్రం చెప్పులు లెక్కపెట్టనిదే అన్నం ముట్టదు.

ఆ మనిషి కాగితాల మీద గీసిన మూడు బొమ్మలు పరిచాడు.

మొదటిది రాజుల తీరు. బంగారు అంచులు, బరువైన తెరలు. బొమ్మలో ఐదుగురు కూర్చున్నారు.

"పెళ్లి మండపంలా ఉంది. మనమేమైనా రోజూ తలంబ్రాలు పోసుకుంటామా?" అన్నాడు కొడుకు.

రెండోది టేకు తీరు. అందులో ఇద్దరే.

"బాగానే ఉంది గానీ నాయనా, ఆ చెక్కడాల్లో దుమ్మెవరు తీస్తారు? నా నడుమా?" అంది అత్తగారు.

మూడోది తెల్లటి తీరు. గోడ తెలుపు, నేల తెలుపు, గడప లేదు. బొమ్మలో ఎవరూ లేరు.

"మనుషులేరి?" అంది తల్లి.

"మనుషులుంటే ఇల్లు కనబడదు అమ్మగారూ."

"చెప్పులెక్కడ విడవాలి?"

"గోడ దాచుకుంటుంది."

"ఇంత ఇల్లు కట్టి చెప్పుల దగ్గరే ఆగిపోయావేమే!" అని నవ్వాడు మగడు. కూతురు తల వంచుకుంది.

నెల తిరిగేసరికి ఇల్లు తెల్లబడింది. గడప తీసేశారు. వాకిలి పక్క గోడలో అతుకు కనబడని అల్మరా వెలిసింది. వేలు తాకిస్తే తెరుచుకుంటుంది. ఐదు అరలు, ఐదు జతలు. మర్నాడు చూసింది. ఐదే. ఆ మర్నాడూ ఐదే. తల్లి వేళకు అన్నం తినడం మొదలుపెట్టింది.

మళ్లీ ఒకనాడు నాలుగు గంటలు. ఈసారి కుండపోత. తల్లి అల్మరా తెరిచింది. ఐదు. ఊరికే కూతురి జోడు ముట్టుకుంది. పొడిగా ఉంది. తిరగేసింది. అడుగున ఒక్క ఇసుక రేణువు లేదు.

"అలంకారానికి అమ్మగారూ," అన్నాడు వెనక నుంచి ఆ మనిషి. ఎప్పుడొచ్చాడో ఆమెకు తెలియలేదు. "ఖాళీ అర కంటికి బాగుండదు. అచ్చం మీవాటిలాగే, మీ కాళ్ల కొలతకే చేయించాను."

"మా కాళ్లు ఎప్పుడు కొలిచావు?"

నవ్వాడు.

"మరి విడిచినవో?"

"కింది సొరుగులో పడేయమని అందరికీ చెప్పాను."

"నాకు చెప్పలేదే."

"మీరు బయటికి వెళ్లరు కదండీ."

సొరుగు లాగింది. ఏమీ లేదు. కూతుర్ని పిలిచింది. మెత్తటి గోడలు ఆ కేక తాగేశాయి.

"పిల్ల గదిలో ఉందేమో అమ్మగారూ," అన్నాడు.

తల్లి ఐదు జతలూ తీసి వానలోకి విసిరింది. కాలు బయట పెట్టకుండానే వంగి, వాకిట్లో ఎర్రమట్టి దోసిళ్లతో ఎత్తి, గడప ఉండాల్సిన చోట అడ్డంగా పరిచింది.

"మరక పోదండీ!"

"పోకూడదు."

లోపలివైపు పీట వేసుకుని అక్కడే కూర్చుంది.

ముందు అత్తగారు బయటినుంచి వచ్చింది. "ఏమిటే ఈ బురద? ఇంటిని నాట్లేసే మడి చేశావు!" తిడుతూనే తొక్కింది. ఒకటి. మగడు నేల చూశాడు, ఆమె మొహం చూశాడు, అడుగేశాడు. రెండు. కొడుకు గెంతబోయాడు. "దాటకు. తొక్కు," అంది. మూడు.

వెలుగు తగ్గింది. వాన తగ్గలేదు. ముగ్గురూ గదుల్లోకి పోకుండా ఆమె వెనకే నిలబడ్డారు.

కూతురు వచ్చింది. తెగిన చెప్పులు చేతిలో ఉన్నాయి. మట్టి చూసి ఆగింది. రెండు పాదాలూ నిదానంగా అద్ది లోపలికొచ్చింది.

"ఎన్నయ్యాయమ్మా?"

"నాలుగు."

"మనం ఐదుగురం కదమ్మా."

తల్లి తన పాదాలు చూసుకుంది. అల్మరాలో జతల్లా ఉన్నాయి, మచ్చ లేకుండా. కూతురు చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ వానలోకి దిగారు. తల్లి తడిసి, మట్టి తొక్కి లోపలికొచ్చింది. ఐదు.

అప్పుడు గుర్తొచ్చాడు తీరు దిద్దే మనిషి. ఇంట్లో వెతికారు. లేడు. ఉన్నది ఒక్కటే వాకిలి. మట్టి మీద ఇంటివాళ్ల అడుగులే ఉన్నాయి గానీ బయటికి పోయిన బూటు గుర్తు లేదు.

తల్లి పీట మట్టి దగ్గరికి ఇంకాస్త జరుపుకుంది. ఒక్కొక్కరి మొహం చూస్తూ మళ్లీ మొదలుపెట్టింది.

"ఒకటి..."