అవతలి ఒడ్డు నుంచి వచ్చిన మనిషి

నర్సాపురం దగ్గర లేసులు అల్లే ఒక పేటలో వినోదిని అనే ఇల్లాలు ఉండేది, ఆవిడకు లోకం మీద అనుమానం ఎక్కువ. పాలమనిషి కాస్త కొసరు పోస్తే నీళ్లు కలిపిందనుకునేది. పక్కింటివాళ్లు కూర పంపితే మిగిలిపోయింది కాబట్టే పంపారనేది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఏం కావాలని నవ్వారో తేల్చుకుంటే గానీ ఆవిడ మనసు కుదుటపడేది కాదు.

"అందరూ మనల్ని ముంచడానికే పుట్టారంటావా?" అని భర్త ప్రభుదాసు అప్పుడప్పుడూ అడిగేవాడు.

"మీలాంటివాళ్లు ఉన్నారు కాబట్టే ముంచేవాళ్ల పని సులువవుతోంది" అనేది వినోదిని.

ఆవిడ అనుమానించని మనిషి ఒక్కతే ఉండేది. అది అమ్మమ్మ జ్ఞానసుందరమ్మ. వినోదినిని కన్న రోజునే తల్లి చనిపోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లిపోయాడు. ఆ పసిగుడ్డును అమ్మమ్మే పెంచింది, చదివించింది, పెళ్లి చేసింది. పెళ్లయ్యాక కూడా మనవరాల్నీ, ఆమె భర్తనూ తన ఇంట్లోనే ఉంచుకుంది.

జ్ఞానసుందరమ్మ తెల్లవారగానే అరుగు మీద చాప వేసుకుని ప్రార్థన చేసేది. ఆవిడ ప్రార్థన పక్కింటివాళ్లతో మాట్లాడుతున్నట్టే ఉండేది. "ప్రభువా, ఆ మేరీ కొడుక్కి జ్వరం తగ్గలేదు, ఒకసారి అటు చూడు. మా వినోద నిన్న పాలమనిషిని ఊరికే తిట్టింది, దాని నోటిని కాస్త సరిచెయ్యి" అంటూ పేటలో అందరి సంగతులూ ఏకరువు పెట్టేది. ప్రార్థన అయ్యాక లేసు సూది పట్టుకునేది. చర్చిలో బల్ల మీద పరిచిన తెల్లటి లేసు గుడ్డ ఆవిడ అల్లిందే. అల్లుతూనే పొయ్యి మీద పులుసు చూసుకునేది, వీధిలో పోయేవాళ్లను పిలిచి మజ్జిగ ఇచ్చేది, పిల్లల తగువులు తీర్చేది.

ఆవిడ భర్త దేవసహాయం గోదావరి మీద లాంచీ నడిపే సరంగుగా పనిచేసి ఎప్పుడో చనిపోయాడు. ఆయన పోయాక కూడా ఏటా క్రిస్మస్ వెళ్లగానే జ్ఞానసుందరమ్మ ఒక కొత్త చీర, ఇంత పిండివంట మూట కట్టుకుని పంటు ఎక్కి గోదావరి దాటేది.

"అవతలి ఒడ్డున మనకెవరున్నారు అమ్మమ్మా?" అని వినోదిని అడిగితే, "చూడాల్సిన మనిషి ఉందే" అని మాట మార్చేది.

అమ్మమ్మ మెత్తదనం చూసి అవతల ఎవరో ఆవిడ్ని వాడుకుంటున్నారని వినోదిని గట్టిగా నమ్మింది.

ఒక వానాకాలం జ్ఞానసుందరమ్మ కన్నుమూసింది. వినోదిని తిండి మానేసి ఏడ్చింది. నెల తిరిగాక జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. ఇంటి ముందు పందిరి వేశారు. పాలకొల్లు నుంచీ, భీమవరం నుంచీ చుట్టాలు వచ్చారు. కూడిక ఇంకా మొదలుకాకముందే ఒక ముసలామె పెరటి వైపు నుంచి లోపలికి వచ్చింది. నుదుట కుంకుమ బొట్టు, భుజాన గుడ్డ సంచి. తిన్నగా వంటింటి వెనక్కి వెళ్లి, తొట్టిలో నీళ్లతో కాళ్లు కడుక్కుంది. బిగుసుకుపోయే పెరటి తలుపును కాస్త పైకెత్తి నెట్టింది. అలా ఎత్తితేనే అది తెరుచుకుంటుందని ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

వినోదిని గబగబా ఎదురు వెళ్లింది.

"ఎవరమ్మా నువ్వు? ఎవర్నడిగి లోపలికి వచ్చావు?"

ముసలామె వినోదిని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "సత్తెమ్మనండి అమ్మాయిగారూ. రేవుకి అవతల మా ఊరు. పెద్దమ్మ పోయిందని మొన్ననే తెలిసింది. ఎండు రొయ్యలు తెచ్చానండి. వంకాయలో వేసి వండితే ఇష్టంగా తినేది."

పెద్దమ్మ! ఆ మాట వినోదిని చెవిలో ముల్లులా దిగింది. అమ్మమ్మకు అక్కచెల్లెళ్లే లేరు. మరి ఈ మనిషికి ఆవిడ పెద్దమ్మ ఎలా అయింది? తండ్రి మొదటి భార్యను కూడా పెద్దమ్మ అనే పిలుస్తారు. తాత లాంచీ రోజూ అవతలి రేవుకు వెళ్లేది. అమ్మమ్మ ఏటా చీర తీసుకెళ్లేది. ఎవరికని అడిగితే మాట మార్చేది. ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోతే వినోదినికి అంతా తేటతెల్లమైపోయినట్టనిపించింది. తాతకు అవతల ఇంకో సంసారం ఉంది. ఇది ఆ సంసారంలో పుట్టిన పిల్ల. అమ్మమ్మ బతికున్నంతకాలం నోరు మూసుకుని, ఇప్పుడు ఇంట్లో వాటాకు వచ్చింది!

ఆవిడ ప్రభుదాసును పక్కకు లాగి చెప్పింది.

"పోయినాయన మీద అంత మాటా? ముందు ఆమెనే అడుగుదాం ఉండు" అన్నాడు అతను.

"అడిగితే నిజం చెబుతుందా?"

అంతలో సత్తెమ్మే దగ్గరికి వచ్చింది. "అమ్మాయిగారూ, ప్రార్థనలో నన్ను కూడా రెండు మాటలు చెప్పనిస్తారా? పెద్దమ్మ గురించండి."

"ఏం మాటలు? ముందు నాకు చెప్పు."

సత్తెమ్మ తటపటాయించింది. "అందరి ముందూ చెప్పాలని వచ్చానండి. ఇన్నాళ్లూ చెప్పలేకపోయాను."

వినోదినికి ఇక సందేహమే లేకపోయింది. పదిమంది చుట్టాల ముందు బంధుత్వం కలిపేస్తే రేపు కాదనడం కష్టమనుకుంది.

"ఇంకొక్కటండి" అంది సత్తెమ్మ. "పెద్దమ్మ పాత చీర ఒక్కటి ఇప్పించండి. మా మనవరాలు బిడ్డను కన్నది. ఆ చీరలో పడుకోబెట్టుకుంటాం."

"మాటలైపోయాయి, చీర కూడా కావాలా?" వినోదిని గొంతు పెరిగింది. పందిట్లోవాళ్లు తలలు తిప్పి చూశారు. "ఏ మూల ఏముందో అన్నీ తెలిసినట్టు తిరుగుతున్నావు. ఆ సంచిలో ఏం వేసుకున్నావు? తియ్యి, చూద్దాం."

సత్తెమ్మ మొహం పాలిపోయింది. సంచి తీసి నేల మీద బోర్లించింది. ఒక తువ్వాలు, ఆకూ వక్కా, పంటు దగ్గర కొన్న జామకాయలు దొర్లాయి. వాటిని మళ్లీ ఏరుకుని సంచిలో వేసుకుంది.

"వస్తానమ్మా" అంది మెల్లగా. వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఎండు రొయ్యల పొట్లం వంటింటి గట్టు మీద ఉండిపోయింది. అందులో ఏం కలిపిందోనని వినోదిని దాన్ని పెంటకుప్పలో పారేయించింది.

కూడిక జరిగింది. పాస్టరుగారు వాక్యం చదివారు. జ్ఞానసుందరమ్మ మంచి విశ్వాసి అనీ, మంచి తల్లి అనీ నలుగురూ చెప్పారు. చివర్లో ఎదురింటి సంతోషమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆమెకూ జ్ఞానసుందరమ్మకూ చిన్ననాటి స్నేహం. ఇద్దరూ ఒకే అరుగు మీద లేసులు అల్లినవాళ్లు.

"సత్తెమ్మ రాలేదేమే? నేనే కబురంపానే" అంది సంతోషమ్మ.

"వచ్చింది. పంపించేశాను. దాని సంగతి నాకు తెలిసిపోయింది" అంది వినోదిని. తను ఊహించినదంతా చెప్పింది.

సంతోషమ్మ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది.

"పిచ్చిదానా, అది మీ తాత కూతురు కాదే! నీకు పాలిచ్చిన మనిషి. నువ్వు పుట్టగానే మీ అమ్మ పోయింది. ఏ పాలు పట్టినా నీకు ఇమిడేవి కాదు. రోజురోజుకీ చిక్కిపోతున్నావు. పురిట్లో బిడ్డను పోగొట్టుకున్న పిల్ల అవతల ఉందని మంత్రసాని చెబితే, ఏరు నిండుగా పారుతున్నా మీ అమ్మమ్మ నాటుపడవ ఎక్కి వెళ్లి తీసుకొచ్చింది. నువ్వు అన్నం తినేదాకా అది ఈ ఇంట్లోనే ఉంది. పరాయి బిడ్డకు పాలిచ్చిందని తెలిస్తే తమ పరువు పోతుందని దాని అత్త ఒట్టు వేయించుకుంది. అందుకే ఎవరం నోరెత్తలేదు."

నేల మీద జామకాయలు ఏరుకున్న చేతులు వినోదిని కళ్లముందు కదిలాయి.

మర్నాడే అమ్మమ్మ చీరల్లో మెత్తటిది ఒకటి తీసుకుని, భర్తతో పంటు ఎక్కింది. సత్తెమ్మ ఇల్లు కనుక్కోవడానికి అట్టే కష్టపడలేదు. గుమ్మంలో సత్తెమ్మ కొడుకు వల బాగుచేసుకుంటున్నాడు. వాళ్లెవరో తెలియగానే లేచి నిలబడ్డాడు.

"మా అమ్మ సంచి దులిపించింది మీరేనా? ఇప్పుడు మా ఇల్లు కూడా వెతుకుతారా?"

"ఊరుకోరా" అంటూ సత్తెమ్మ బయటికి వచ్చింది. వినోదిని ఆమె కాళ్ల మీద పడింది. సత్తెమ్మ కంగారుగా లేవనెత్తి మంచం మీద కూర్చోబెట్టింది. చీరను కళ్లకద్దుకుని, మడతపెట్టి, నిద్రపోతున్న మునిమనవడి కింద పరిచింది.

"నిన్న ఏం చెబుదామని వచ్చావమ్మా?" అని అడిగింది వినోదిని.

"పెద్ద సంగతేం కాదు తల్లీ. నేను మీ ఇంటికి వచ్చిన కొత్తలో నా బిడ్డ గుర్తొచ్చి ఏడుస్తూ ఉండేదాన్ని. మా అమ్మవారికి దీపం పెట్టుకుంటానని భయపడుతూ అడిగాను. పెద్దమ్మ తన చేత్తోనే ప్రమిద, నూనె తెచ్చి పెరట్లో పెట్టింది. చర్చి పెద్దలు వచ్చి ఇదేమిటమ్మా అన్నారు. 'దాని బిడ్డ పోయింది. ఎవరి ముందు ఏడిస్తే దానికి ఊరటో అక్కడ ఏడవనివ్వండి. నా దేవుడికి నేను చెప్పుకుంటాను' అంది. ఆ మాట మీవాళ్లందరికీ చెప్పాలనుకున్నాను. అలాంటి మనిషి అని తెలియాలి కదా."

వినోదిని కళ్లు తుడుచుకుంది. "మీ అత్తగారు పోయి చాలా ఏళ్లయిందటగా. ఆ తర్వాతైనా అమ్మమ్మ నాకెందుకు చెప్పలేదు?"

సత్తెమ్మ తల దించుకుంది. "వద్దులే తల్లీ."

"ఏమందో చెప్పమ్మా."

"నేనూ అడిగాను. ఇక అమ్మాయికి చెప్పెయ్యి పెద్దమ్మా, ఒకసారి ఒళ్లో తల పెట్టుకుని చూసుకుంటాను అన్నాను. 'ఇప్పుడే వద్దు సత్తెమ్మా. నువ్వు వెళితే అది నిన్ను దగ్గరికి తీసుకోదు. ఎందుకొచ్చావా అని చూస్తుంది. నువ్వు తట్టుకోలేవు. దాని మనసు కాస్త మెత్తబడనీ' అంది. పెద్దమ్మ ఇక్కడికి వచ్చినప్పుడల్లా అడిగేదాన్ని. వచ్చే ఏడు చూద్దాం అనేది."

అమ్మమ్మకు తనలో తప్పే కనిపించదని ఇన్నేళ్లూ వినోదిని అనుకుంది. ఆవిడకు అన్నీ కనిపించాయి. అయినా ప్రేమించింది. ఎప్పటికైనా మారుతుందని ఎదురుచూసి, ఎదురుచూసి, చెప్పకుండానే వెళ్లిపోయింది.

"ఆదివారం చర్చికి వచ్చి ఆ మాట నువ్వే చెప్పమ్మా. నేనే వచ్చి తీసుకెళతాను" అని బతిమాలింది వినోదిని.

"నిన్న ఎలాగో ధైర్యం చేసి వచ్చాను తల్లీ. అంతమంది చూస్తుండగా అలా జరిగాక ఇక ఆ గుమ్మం ఎక్కలేను. నువ్వు రా. ఎప్పుడు వచ్చినా ఇంత అన్నం పెడతాను" అంది సత్తెమ్మ.

అన్నట్టే ఆమె మళ్లీ గోదావరి దాటలేదు. ఆదివారం వినోదినే చర్చిలో లేచి నిలబడి ఆ దీపం సంగతి చెప్పింది. తన తప్పు కూడా దాచలేదు. అప్పటికి దూరపు చుట్టాలందరూ వెళ్లిపోయారు. విన్నది పేటవాళ్లు మాత్రమే. ఆ తర్వాత కాస్త వీలు చిక్కితే చాలు, వినోదిని అవతలి ఒడ్డుకు వెళ్లేది. అమ్మమ్మ గురించి తనకు తెలియని సంగతులు సత్తెమ్మ నోట వినేది. సత్తెమ్మ కొడుకు మాత్రం చాలాకాలం ఆవిడతో మాట్లాడలేదు.

అనుమానంతో ప్రతి మనిషినీ గుమ్మంలోనే నిలబెట్టి సోదా చేసేవాళ్లు, తమను ప్రాణంగా ప్రేమించినవాళ్లను కూడా బయటికే పంపేసుకుంటారు. కాబట్టి ఎదుటి మనిషి మాట పూర్తిగా వినకుండా అతని మనసు మీద తీర్పు చెప్పకూడదు.