అచ్చియమ్మ పాత కంప్యూటర్ అడిగింది

అచ్చియమ్మ మొగుడు పోయాక ఇంటిని లాగింది ఆ పాత పికప్ బండే. ఇప్పుడది టమాటాల లోడుతో దారిలోనే ఆగిపోతోంది. సంతకి చేరేలోగా సరుకు కుళ్ళిపోతోంది.

"ఇంజిన్ని నడిపించే కంప్యూటర్ పెట్టె పోయింది," అన్నాడు షెడ్డు ఓనరు భూషణం. ఆ చుట్టుపక్కల ఇంకో షెడ్డు లేదు, అందుకని ఆయన చెప్పిందే శాసనం. మర్నాడు, "కొత్తది వేశాను, తీసుకుపో," అన్నాడు. బండి షెడ్డు గేటు దాటకముందే ఆగింది.

"భూషణం బాబూ, పాతది ఇచ్చెయ్," అంది అచ్చియమ్మ.

"పాడైంది నీకెందుకు? పారేశాం."

"ఇన్నాళ్ళు అన్నం పెట్టింది గదయ్యా. సాగనంపొద్దూ?"

గేటుకి అడ్డంగా కూలబడి రాగం తీసింది. "నా టమాటాలు ఇంకెవరు మోస్తారే తల్లీ..."

జనం పోగయ్యారు. బండ్లు బాగుచేయించుకోడానికి వచ్చినోళ్ళు కూడా, "అవునూ, మా బండ్ల పాత సామాన్లేవయ్యా?" అనడం మొదలెట్టారు.

"ఏడుపు ఆపమ్మా," అన్నాడు భూషణం.

"శవాన్ని చూడందే ఎలా ఆపను?"

భూషణం బానెట్ ఎత్తి, లోపలున్న పెట్టె ఊడదీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. దసరాకి ఆమె పెట్టిన బొట్టు దాని మీద అలాగే ఉంది. ఈసారి నిజంగానే కొత్తది వేశాడు.

పాతదిప్పుడు ఆమె ఇంటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం ఉంటోంది.

"దీనికి చేతనైంది ఆపడమే గదా," అంటుంది, దసరాకి మళ్ళీ బొట్టు పెడుతూ.