ఏరు దాటిన మూడు సీసాలు

అనగా అనగా, మా ఏటికి ఇంకా వంతెన పడని రోజుల్లో, మా ఊరి ఆడవాళ్లు చుట్ట నిప్పును నోటి లోపలికి తిప్పి అడ్డపొగ తాగే రోజుల్లో, అసిరయ్య అనే మనిషి ఉండేవాడు. పొట్టిగా ఉండేవాడు. నెమ్మదిగా నడిచేవాడు. నత్త అతన్ని దాటిపోయి, పాపం అని వెనక్కి తిరిగి చూసేదట. మా ఊళ్లో ఒక మనిషి గురించి ఇంతకన్నా మంచిగా చెప్పుకోరు.

ఏటికి ఇవతల చిన్న ఆసుపత్రి. అవతల పట్నంలో పెద్దాసుపత్రి. ఎవరి ఒంట్లోనైనా అనుమానపు పుండు కనిపిస్తే ఇవతలి డాక్టరు చిన్న ముక్క కోసి, ముక్కు మండే మందునీళ్ల సీసాలో వేసేవాడు. ఆ సీసా పెద్దాసుపత్రి వెనక గదికి వెళ్లాలి. అక్కడ ముక్కల డాక్టరమ్మ ఉండేది. ముక్కను ఉల్లిపొర కన్నా పల్చగా కోయించి, రంగులద్ది, భూతద్దం కింద పెట్టి చూసేది. ఇది మామూలు పుండా, కేన్సరా, కేన్సరైతే ఏ రకం, ఎంత లోతు, అన్నీ ఆమే చెప్పాలి. ఆమె చెప్పేదాకా ఇవతలి డాక్టరు కత్తి పట్టడు. రోగులు ఆమె మొహం చూసి ఎరగరు. ఆమె కూడా వాళ్ల ముక్కలే గానీ మొహాలు చూసి ఎరగదు.

ఆ సీసాలు మోసేవాడు అసిరయ్య. రెండు చేతులతో గుండెకు ఆనించుకుని మోసేవాడు. సంతలో జనం అడ్డొస్తే, "మనిషి ఉంది, తప్పుకోండి" అనేవాడు. పడవ ఎక్కితే, "మనిషి ఉంది, జరగండి" అనేవాడు. పెద్దాసుపత్రికి చేరితే, "మనిషి ఉంది, తలుపు తియ్యండి" అనేవాడు.

"ఏదిరా మనిషి? గోరంత ముక్క కాదేటి!" అని పడవవాడు నవ్వేవాడు.

"మిగతాది ఇంటికాడ ఉంది. కబురు కోసం చూస్తంది" అనేవాడు అసిరయ్య.

అతనికి ఒక అలవాటు. ఏరు దాటే ముందు సీసాను ఆ మనిషి ఇంటి గుమ్మంలో చూపించేవాడు. ప్రయాణం పోయే మనిషి ఇంట్లో చెప్పి పోవాలి కదా అనేవాడు.

మా ఊళ్లో చిలకమ్మ అని పాటగత్తె ఉండేది. ఊడ్పుల్లో ఆమె పాట ఎత్తుకుంటే నాట్లు వంకరగా పడినా ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఒక వేసవిలో, అడ్డపొగ తగిలే చోటే, చిలకమ్మ అంగిలి మీద పుండు లేచింది. డాక్టరు చూశాడు. "కేన్సరైతే అంగిలి కోయాలి. కాకపోతే మందుతో మానుతుంది. ముక్క పంపితే గానీ తెలియదు" అన్నాడు.

"అంగిలి కోస్తే పాట పోతాదా బాబూ?" అంది చిలకమ్మ.

"ఎంత కోయాలో తెలిస్తే కదమ్మా చెప్పేది."

మొదటి సీసా బయల్దేరింది. అసిరయ్య అలవాటు ప్రకారం గుమ్మంలో ఆగాడు. చిలకమ్మ అత్త గున్నమ్మ, పసుపు బొట్టు పెట్టి ఇస్తానని సీసాను లోపలికి తీసుకెళ్లింది. మూత తీసింది. కంపు కొట్టింది. "నా కోడలు ఈ కంపులో పోవడమేటి!" అనుకుని మందునీళ్లు పారబోసి, సీసా కడిగి, పసుపునీళ్లు పోసి, బొట్టు పెట్టి ఇచ్చింది. కోడలి మీద అంత ప్రేమ ఆమె అంతకు ముందు ఎప్పుడూ చూపించలేదు.

పెద్దాసుపత్రికి చేరేసరికి, మందునీళ్లు లేక, ఆ ఎండకి ముక్క కుళ్లిపోయింది.

"దీన్ని చూసి నేనేమీ చెప్పలేను" అంది డాక్టరమ్మ.

"ఏదో ఒకటి చెప్పండమ్మా. ఆ తల్లి ఎదురుచూస్తంది."

"ఊహించి చెప్తే ఆమె పాట పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. నేను ఊహించను. ఇంకో ముక్క తీసుకురా."

ఆ మాట వినగానే చిలకమ్మ మొగుడు లచ్చయ్య మండిపడ్డాడు. "ఒక ముక్క పాడుచేసి ఇంకోటా? నా ఆడదాన్ని ముక్కముక్కలుగా ఏరు దాటించేస్తారేటి?" అన్నాడు. అసిరయ్య వాళ్లింటికి వెళ్లాడు. కుక్క తరిమింది. మళ్లీ వెళ్లాడు. లచ్చయ్య తరిమాడు. కుక్కే నయం, అది తిట్టలేదు. మూడోసారి వెళ్లి గుమ్మం బయట చతికిలబడ్డాడు.

"చిలకమ్మా, సీసా ఇంటికి తెచ్చింది నేను. లోపలికి ఇచ్చింది నేను. నిన్ను దారి మధ్యలో వదిలేశాను తల్లీ. మళ్లీ బయల్దేరు" అన్నాడు.

గున్నమ్మ బావురుమంది. "మందునీళ్లు పారబోసింది నేను కదరా అసిరీ!"

చిలకమ్మ లేచింది. చిన్న ఆసుపత్రికి నడిచింది. నోరు తెరిచింది.

రెండో సీసా బయల్దేరింది. ఈసారి అసిరయ్య ఏ గుమ్మంలోనూ ఆగలేదు. వానలు ముందే వచ్చాయి. ఏరు పొంగింది. పడవ కట్టేశారు. అతను ఎగువన కొండ చుట్టూ తిరిగి నడిచాడు. గొడుగు సీసాకి పట్టి తను తడిశాడు. సీసాకి మూత ఉంది, వాన లోపలికి పోదని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా గొడుగు తీసేవాడు కాదు.

ఇక్కడ ఊరు ఊరుకుంటుందా? గాలి సోకింది అన్నారు కొందరు. శాపం అన్నారు కొందరు. కేన్సరే, వారం దాటదు అన్నారు మిగిలినవాళ్లు. వాళ్లు ఏడవడం కూడా మొదలుపెట్టారు. అది విని చిలకమ్మ గంజి ముట్టడం మానేసింది. నాటువైద్యుడు సూరప్ప వచ్చి, అంగిలి మీద వాత పెడితే పుండు మాడిపోతుందన్నాడు. లచ్చయ్య సరేనన్నాడు. పొయ్యిలో కడ్డీ ఎర్రబడింది.

గున్నమ్మ కోడలు పడుకున్న గది గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"లెగు అప్పా" అన్నాడు సూరప్ప.

"అసిరయ్య ఇంకా రాలేదు."

"అమ్మా, అది సచ్చిపోతాదే!" అన్నాడు లచ్చయ్య.

"అసిరయ్య ఇంకా రాలేదు."

"కేన్సరేనట కదా వదినా?" అంది పక్కింటావిడ, గోడ మీంచి.

"అసిరయ్య ఇంకా రాలేదు!" అని గున్నమ్మ అరిచిన అరుపుకి గోడ మీద తల మాయమైంది. లోపలికి తిరిగి కోడలికి గంజి పోసింది. పొయ్యిలో కడ్డీ చల్లారింది.

అసిరయ్య వచ్చాడు. నడుం దాకా బురద. "కేన్సరే తల్లీ. కానీ పైపైనే ఉందట. ఎముకకి పోలేదట. కొంచెం కోస్తే చాలట" అన్నాడు.

డాక్టరు ఆ కొంచెమే కోశాడు. కోసిందంతా సీసాలో వేశాడు. "అంచుల్లో రోగం మిగలలేదని డాక్టరమ్మ చెప్పాలి. మిగిలిందంటే ఇంకా కోయాలి" అన్నాడు.

మూడో సీసా బయల్దేరింది. పడవలో అందరూ అసిరయ్య అడగకముందే జరిగారు. పడవవాడు నవ్వలేదు. ఊళ్లో ఎవరూ ఏడవలేదు, ఎవరూ ఏమీ అనలేదు. మా ఊరికి అది పెద్ద ఉపవాసం.

అంచులు శుభ్రంగా ఉన్నాయని కబురు వచ్చింది. చిలకమ్మ ఆ ఏడాది ఊడ్పుల్లో పాడింది. పాట సగం ముక్కులోంచి వచ్చింది. అయినా నాట్లు వంకరగానే పడ్డాయి. ఆమె చుట్ట ఏట్లో పారేసింది. అది చూసి మిగతా ఆడవాళ్లూ పారేశారు. సాయంత్రం దాకా మళ్లీ అంటించలేదు.

చాలా ఏళ్లకు అసిరయ్య ముసలివాడై కన్నుమూశాడు. ఆ రోజు ముక్కల డాక్టరమ్మ మొదటిసారి ఏరు దాటి మా ఊరు వచ్చింది. ఆవిడెవరో ఎవరికీ తెలియలేదు. శవం దగ్గర చిలకమ్మ పాడుతున్న పాట సగం ముక్కులోంచి రావడం విని, ఆమె ముందు ఆగింది. "నోరు తెరువమ్మా" అంది. మానిన అంగిలిని చాలాసేపు చూసింది. "నిన్ను మూడుసార్లు చూశాను. నువ్వు ఇలా ఉంటావని తెలియదు" అంది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు.

ఇప్పుడు ఏటి మీద వంతెన ఉంది. సీసాలు మోటారుబండి మీద పోతున్నాయి. ఇప్పటికీ మా ఊళ్లో ఎవరి ముక్క అవతలికి వెళ్లినా, కబురు వచ్చేదాకా ఆ ఇంటికి గంజి పంపిస్తాం గానీ మాట పంపించం. ఎవరికైనా నాలుక దురద పెడితే పక్కనున్నవాళ్లు, "అసిరయ్య ఇంకా రాలేదు" అంటారు. అంతే, నోళ్లు మూతపడతాయి. మా ఊరి నోళ్లు మూయించిన మనిషి ఈనాటి దాకా అతనొక్కడే.