కుజుడి మీద శివారు పొలాలు

“కుజుడి మీద చీమ కూడా లేదని తేలిపోయింది కదండీ. ఇంక నా నవల ఎవరిక్కావాలి? చింపేస్తాను,” అంది హైమవతి. రెండేళ్ళు కూర్చుని రాసిన కాగితాలు ఆమె ఒళ్ళో ఉన్నాయి.

తారకేశ్వర్రావు మాస్టారు వాదించే మనిషి కాదు. పెళ్ళిళ్ళు చెడగొట్టడం తప్ప కుజుడికి వేరే పని కూడా ఉందని మా కోనసీమ వాళ్ళకి కథలు రాసి చెప్పింది ఆయనే. ఆ రోజుల్లో ఎవరి కుజుడు వాళ్ళకుండేవాడు. కొందరు రచయితలు అక్కడివాళ్ళను మన మీదికి దండెత్తించారు, కొందరు జ్ఞానవృద్ధులను చేసి కూర్చోబెట్టారు. మాస్టారు మాత్రం వాళ్ళచేత కాలవలు తవ్వించారు. అక్కడ కాలవలున్నాయని ఒకప్పుడు చదువుకున్నవాళ్ళే నమ్మేవారు మరి. ఆ కాలవల కథ సీరియల్‌గా వచ్చే వారపత్రిక కోసం మేం పోస్టుమాన్‌కి ఎదురెళ్ళేవాళ్ళం. ఆ ఎదురుచూపులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

హైమవతికి మాస్టారు చెప్పింది ఇదీ. సీరియల్ సగంలో ఉండగా వీరాస్వామి అనే కాలవ లస్కరు సైకిలేసుకుని ఆయన ఇంటికి వచ్చాడట. తూములు ఎత్తి దించి, పొలాలకు వంతులవారీగా నీళ్ళు వదలడం అతని ఉద్యోగం.

“కాలవలు బాగానే తవ్వించారు గానండీ, తూముల కాడ మనిషేడండీ? ఎగువోళ్ళే పట్టేసుకుంటే శివారోళ్ళ గతేటండీ?” అన్నాడు.

మరుసటి వారమే మాస్టారు కుజుడి మీద ఒక లస్కరును పుట్టించారు. ధ్రువాల దగ్గర మంచు కరిగిన నీళ్ళను తూము తూమూ దాటిస్తూ వాడు శివారు పొలాలకేసి బయల్దేరాడు. ఇంకా మూడు వారాల కథ ఉందనగా, వ్యోమనౌక తీసిన ఫోటోలు పేపర్లో పడ్డాయి. కాలవల్లేవు, నీళ్ళు లేవు, అంతా గుంతలూ దుమ్మూను. మాస్టారు తలెత్తుకోలేక రాయడం ఆపేశారు.

ఆ వారం పత్రికలో కథ కనబడకపోయేసరికి వీరాస్వామి మళ్ళీ వచ్చాడు. మాస్టారు పేపరు చేతికిచ్చారు. అతను చాలాసేపు చూసి, జాగ్రత్తగా మడతపెట్టి తిరిగిచ్చేశాడు. ఆ రాత్రే మాస్టారు మళ్ళీ కలం పట్టారట. మూడో వారానికి శివారు పొలాలకు నీళ్ళందాయి.

“అబద్ధమని తెలిశాక కూడానా? చదివినవాళ్ళు నవ్వలేదూ?” అంది హైమవతి.

“వీరాస్వామి ఫోటో చూశాడుగా, అమ్మా,” అన్నారు మాస్టారు. “చూశాకే అడిగాడు, తరువాయి ఎప్పుడేస్తారండీ అని.”