గోడకేసి తిరిగిన తల్లి

నిజం చెప్పండి, మీ పిల్ల చేతిలో మొదట పెట్టిన వాద్యం పిల్ల ముచ్చటా, మీ ముచ్చటా?

బొబ్బిలిలో శేషమాంబ గారి దగ్గర చిన్నప్పుడు వీణ నేర్చుకున్న నళిని, ఐదేళ్ల కూతురు మేధను వెంటబెట్టుకుని మళ్ళీ ఆ గుమ్మం తొక్కింది. "దీనికి మొదట ఏ వాద్యం నేర్పమంటారమ్మా?" అని అడిగింది. అడగడమైతే అడిగింది గానీ, జవాబు ఇంటి దగ్గరే ఖాయం చేసుకుని వచ్చింది. వీణే. చనిపోయిన తన తల్లి వాయించిన వీణ. ఆవిడ పోయిన నాటి నుంచి నళిని దాని మీది గుడ్డ తీయలేదు. పిల్లయినా వాయించకపోతే అమ్మ నాదం ఆ ఇంట్లో ఇక లేనట్టేనని ఆమె బెంగ.

శేషమాంబ గారు వాదించే మనిషి కాదు. అన్నప్రాశన నాడు పిల్లల ముందు పుస్తకం, పువ్వు, బంగారం పరిచినట్టు, చాప మీద వీణ, వేణువు, వయొలిన్, కంజీర పరిచారు. పాఠానికి పిల్లల్ని తెచ్చిన తల్లిదండ్రులంతా మెడలు సాచి చూస్తున్నారు.

మేధ ముందు తల్లి ముఖం చూసింది. వేణువు మీద చెయ్యి వేసి మళ్ళీ తల్లి ముఖమే చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. చివరికి వీణ దగ్గరికి వెళ్ళి బుద్ధిగా కూర్చుంది.

"చూశారా అమ్మా, దానంతటదే వెళ్ళింది!" నళిని కళ్ళు చెమర్చాయి.

"ఆహా, దానంతటదే! నీ కళ్ళు రెక్క పుచ్చుకుని లాక్కెళితే వెళ్ళక ఏం చేస్తుందే? లే. ఆ గోడకేసి తిరిగి కూర్చో."

నళినికి చురుక్కుమంది. అయినా తిరిగింది. కాసేపటికి వెనకాల కంజీర గల్లుమంది. ఆగింది. మళ్ళీ గల్లుమంది, ఈసారి పిల్ల పాదాల చప్పుడుతో, నవ్వుతో. ఇంట్లో ఆ నవ్వు వినక ఎన్నాళ్ళయిందో నళినికి అప్పుడు గుర్తొచ్చింది.

అంతలో ఎవరో కొంగు లాగారు.

"అమ్మా, అమ్మమ్మ వీణ నువ్వే వాయించొచ్చుగా? నేను దీంతో గెంతుతా!"

నళిని గోడవైపే ముఖం పెట్టి, కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది. శేషమాంబ గారు చాప మీది వీణను నెమ్మదిగా ఆమె ఒడిలోకి చేర్చారు. తర్వాత మిగిలిన తల్లిదండ్రుల వైపు చూశారు.

"ఇంకా చూస్తారేమిటి? మీరూ ఒకసారి గోడకేసి తిరగండి."