నెమలికంఠం రంగు చాకు

ఆ అడవిలో ప్రతి జంతువు మొలకీ ఒక మడత చాకు వేలాడేది. వేటగాడు పన్నిన ఉచ్చులో కాలు పడితే తాడు కోసుకుని బయటపడటానికి అదొక్కటే దిక్కు. ఆ చాకులన్నిటికీ పదును పెట్టేది వాగు ఒడ్డున ఉండే తాబేలు నూకమ్మ. ఆమెకి మాత్రం చాకు లేదు. ఆమె డొప్పకి ఏ ఉచ్చూ బిగుసుకోదు మరి.

నూకమ్మ పని మహా నిదానం. సానరాయి నీళ్ళలో నానాలి. చాకు దాని మీద వాలుగా, ఒకే తీరున సాగాలి. తర్వాత గుడ్డతో తడి తుడిచి, మడత దగ్గర ఆముదం చుక్క వేస్తే గానీ చాకు తిరిగి ఇవ్వదు. ఒక్కోదానికి ఒక పూట పట్టేది.

అంతసేపు కూర్చోవడం నక్క జంబయ్య వల్ల కాలేదు. తెలివి గలవాడు వరసలో కూర్చోవడమేమిటని అతని బాధ. తనకు తెలివి ఉందని ఎవరూ చెప్పలేదు, తనే కనుక్కున్నాడు. సంతలో ఎవరో పారేసిన సాన చక్రం ఈడ్చుకొచ్చి, కాలితో తిప్పుతూ తాతల నాటి తన చాకుని దానికి ఆనించాడు. నిప్పురవ్వలు జల్లున లేచాయి. నిమిషంలో పని అయిపోయింది. అంచు నెమలికంఠం రంగుకి తిరిగింది. తోక వెంట్రుకలు నాలుగు కోసి చూసుకుంటే తెగాయి. ఇక ఆగుతాడా, అడవంతా తిరిగి చూపించాడు.

నూకమ్మ అంచు చూసి పెదవి విరిచింది.

"నీలం తిరిగిందంటే ఉక్కు కాలిపోయిందల్లుడూ. కాలిన ఉక్కు మెత్తబడిపోద్ది. వెంట్రుక తెగుద్ది గానీ తాడు తెగదు."

"గిరాకీ పోతుందని నీ భయం అత్తా," అన్నాడు జంబయ్య.

మర్నాడు పొద్దున్నే అందరినీ వేటగాడి ఉచ్చు దగ్గరికి పిలిచి, తన చక్రం గొప్ప రుజువు చేస్తానన్నాడు. చెయ్యమని ఎవరూ అడగలేదు. కుందేళ్ళూ దుప్పులూ, పాకుతూ వచ్చిన నూకమ్మా చూస్తుండగా, పెళ్ళికొడుకు పీట ఎక్కినంత దర్జాగా ఉచ్చులో కాలు పెట్టాడు. అది బిగిసింది. చాకు తీసి కోశాడు. రెండు పోగులు తెగాయి. మూడో పోగు దగ్గర అంచు మడతపడి జారిపోయింది. ఎంత కోసినా తాడు నున్నబడింది గానీ తెగలేదు.

అంతలో దూరంగా వేటకుక్క మొరిగింది. చూడవచ్చినవాళ్ళు తమ చాకులతో సహా తలో దిక్కూ పారిపోయారు. నూకమ్మ ఒక్కతే మిగిలింది.

"నాకోసం ఆగావా అత్తా," అన్నాడు జంబయ్య కళ్ళనీళ్ళతో.

"ఆగలేదయ్యా, పరిగెత్తలేక ఉన్నాను. ఆ చాకు ఇటియ్యి. నానబెట్టడానికి వాగు దాకా వెళ్ళే టైము లేదు, ఈ సానరాయి మీద ఉమ్మెయ్యి."

ఉమ్మేద్దామంటే నిన్నంతా గొప్పలు వాగిన నోట్లో తడి లేదు. నూకమ్మే ఉమ్మేసి నూరడం మొదలుపెట్టింది. నీలమంతా అరిగితే గానీ లోపలి మంచి ఉక్కు బయటపడదని, తొందరపెడితే చెయ్యి ఆపేస్తానని చెప్పింది. కుక్క అరుపు దగ్గరవుతోంది. ఒక పూట ఓపిక పట్టలేని జంబయ్య, ప్రాణాలు అరచేత పెట్టుకుని, కదలకుండా ఆమె చెయ్యి సాగే తీరు చూశాడు. బతుకులో అతను ఏదీ అంత శ్రద్ధగా చూడలేదు. అరిగి సగమై తిరిగొచ్చిన చాకు ఒక్క కోతకి తాడు తెంపింది. కుక్క వచ్చేసరికి జంబయ్య పొదలు దాటేశాడు. డొప్పలోకి ముడుచుకున్న నూకమ్మని కుక్క వాసన చూసి, బండరాయనుకుని పోయింది.

ఆ సాయంత్రం వాగు దగ్గర కుందేలు వెనకాల వరసలో కూర్చున్నాడు జంబయ్య. చక్రం ఏమైందని కుందేలు అడిగింది.

"చక్రానికేం, బాగానే ఉంది. ఇంతమందిలో చోటు చూసుకుని మరీ ఉచ్చులో కాలు పెట్టిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మాట నువ్వు అనకముందే నేనే అంటున్నాను."

కత్తి పదునెంతో తాడుని అడగాలి, కత్తి గలవాణ్ణి అడిగి లాభం లేదు.